ఇంటర్‌లో సబ్జెక్టు పోయిందా? సప్లీ, సీటు రెండూ ఒకేసారి చూసుకోండి

ఇది తెలంగాణలో ఇంటర్ సెకండియర్ రాసి ఒకటో రెండో సబ్జెక్టులు పోయినవాళ్ల కోసం. ఏడాది పోయిందని చాలామంది ఇళ్లల్లో అప్పుడే ఏడుపులు మొదలుపెడతారు, కానీ నిజానికి ఏడాది పోలేదు, అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పాసైతే అదే ఏడాది డిగ్రీలోనో ఇంజినీరింగ్‌లోనో చేరొచ్చు.

ముందు సప్లీ ఫీజు కట్టేయండి. పేపర్ సరిగ్గా దిద్దలేదని అనుమానం ఉంటే రీవెరిఫికేషన్‌కు కూడా పెట్టండి, కానీ దాని ఫలితం వచ్చాక సప్లీ సంగతి చూద్దామని మాత్రం కూర్చోకండి, ఎందుకంటే అది వచ్చేలోపు ఫీజు గడువు దాటిపోతుంది. ఫస్టియర్ సబ్జెక్టులు కూడా మిగిలి ఉంటే టైమ్‌టేబుల్ జాగ్రత్తగా చూసుకోండి. ఫస్టియర్ పేపర్ పొద్దున 9కి, సెకండియర్ పేపర్ మధ్యాహ్నం 2:30కి ఉంటుంది, అంటే కొన్ని రోజులు రెండు పరీక్షలూ రాయాల్సి రావచ్చు. మధ్యలో కొత్తగా ఏమీ చదవకండి, అన్నం తిని కాసేపు కళ్లు మూసుకోండి చాలు.

ఎంపీసీ వాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. పాస్ మార్కు 35 శాతమే, కానీ ప్రవేశ పరీక్ష అయిన ఎప్‌సెట్ ద్వారా ఇంజినీరింగ్‌లో చేరాలంటే గ్రూప్ సబ్జెక్టులు (మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ) అన్నీ కలిపి 45 శాతం రావాలి, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 40. అంటే 600కి 270 లేదా 240. బొటాబొటిగా గట్టెక్కితే మెమోలో పాస్ అనే ఉంటుంది కానీ సీటుకు అర్హత ఉండదు, ఈ సంగతి చాలామందికి కౌన్సెలింగ్ దాకా వెళ్లాకే తెలుస్తోంది! అందుకే సప్లీకి పాస్ మార్కుల లెక్కతో కాకుండా ఈ లెక్కతో చదవండి. తెలంగాణలో ర్యాంకు లెక్కలో ఇంటర్ మార్కులు కలపడం తీసేశారు కాబట్టి వచ్చిన ఎప్‌సెట్ ర్యాంకు సప్లీ వల్ల మారదు.

డిగ్రీకైతే దోస్త్, అంటే తెలంగాణ డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ అడ్మిషన్ల పద్ధతి. సప్లీ పాసైనవాళ్లు సాధారణంగా తర్వాతి విడతల్లో రిజిస్టర్ చేసుకుంటారు, మొదటి విడతలో 200 ఉండే ఫీజు అప్పటికి 400 అవుతుంది. ఫలితం వచ్చాక టైమ్ తక్కువ ఉంటుంది, కాబట్టి సప్లీకి చదువుకునే రోజుల్లోనే అమ్మనో నాన్ననో మీసేవకు పంపి ఆదాయ ధ్రువీకరణ పత్రానికి పెట్టించండి, అది ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నదై ఉండాలి, తహసీల్దారు ఆఫీసులో ఎన్ని రోజులు పడుతుందో చెప్పలేం. కుల ధ్రువీకరణ పత్రం లేకపోతే దానికీ అప్పుడే పెట్టించండి. ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు ఇప్పుడు పనిచేస్తోందో లేదో చూసుకోండి, ఓటీపీ దానికే వస్తుంది.

వెబ్ ఆప్షన్లు, అంటే ఆన్‌లైన్‌లో మీరు కోరుకునే కాలేజీలు, ఎన్ని ఇస్తే అంత మంచిది. పేరున్న నాలుగు కాలేజీలు పెట్టి ఊరుకుంటే ఏదీ రాకుండా పోవచ్చు, కాబట్టి ఇంటికి దగ్గర్లో ఉన్న ప్రభుత్వ కాలేజీలు కూడా చివర్లో చేర్చండి. సీటు వచ్చాక ఆన్‌లైన్ సెల్ఫ్ రిపోర్టింగ్ (ఆ సీటు మనకు కావాలని ఖాయం చేసుకోవడం) మరిచిపోతే ఆ సీటు పోతుంది.

ఈ అడ్మిషన్ల రోజుల్లోనే కొన్ని ప్రైవేటు కాలేజీల తరఫున ఎవరో ఒకరు ఫోన్ చేసి, మీ హాల్‌టికెట్ నంబరు చెప్పండి, ఓటీపీ చెప్పండి, మేమే అప్లై చేస్తాం అంటారు. చెప్పకండి. చెబితే వాళ్ల కాలేజీ ఒక్కటే ఆప్షన్‌గా పెట్టేస్తారు, ఇక మీకు అదే ఖాయమైపోతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా చూపించి వెనక్కి తెచ్చుకోండి, కాలేజీలు వాటిని తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది.

ఇంట్లో పెద్దవాళ్లకు ఒక మాట: ఈ నెల రోజులు పక్కింటి పిల్లల మార్కుల మాట ఎత్తకండి. పిల్లలు తిండి మానేసి, ఎవరితోనూ మాట్లాడకుండా గదిలోనే ఉంటుంటే టెన్షనే కదా అని వదిలేయకండి, పక్కన కూర్చుని మాట్లాడండి, 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ఉచితం, రాత్రయినా పగలైనా తెలుగులో మాట్లాడతారు.