ఫుల్ మారథాన్ సాధనలో ఇల్లూ ఒళ్లూ కాచుకోవడం

మొదటిసారి హైదరాబాద్ మారథాన్‌లో 42 కిలోమీటర్ల ఫుల్ మారథాన్‌కి పేరిచ్చినప్పుడు నా ప్లాన్ మొత్తం ఫోన్‌లోనే ఉండేది, ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆదివారం తొమ్మిదింటికి పరుగు ముగించుకొచ్చి, స్నానం చేసి పడుకుంటే సాయంత్రం నాలుగయ్యేది. ఒకరోజు లేచి చూస్తే మా పాప నా మంచం పక్కనే నేల మీద సైన్స్ చార్టు పరుచుకుని, బొమ్మలన్నిటికీ రంగులేసి, పేర్లు రాయడానికి నాకోసం చోటు వదిలి నిద్రపోయింది. అందుకే రెండో ఏడాది సాధనకి ముందు ఫ్రిజ్ మీద ఓ కాగితం అంటించాను.

మీరూ అక్కణ్నించే మొదలుపెట్టండి. రేసు ఆగస్టు చివర్లో కాబట్టి ఏప్రిల్ నుంచి వారాలన్నీ రాసుకుని, పెళ్లిళ్లు, పరీక్షలు, ఆఫీసులో నెలాఖరు పనులు ముందు నింపండి. మిగిలిన చోట్ల పరుగు రాయండి. నాకు మంగళ, గురు, శనివారాల్లో చిన్న పరుగులు, ఆదివారం లాంగ్ రన్, అంటే వారంలోకెల్లా పెద్ద పరుగు, కుదిరాయి. ఒకరోజు తప్పిపోతే పోనివ్వండి, మర్నాటికి కలపకండి. జ్వరంతో పోయిన వారాన్ని రాబట్టాలని నేను 18 నుంచి ఒకేసారి 26 కిలోమీటర్లకు వెళ్లి, పిక్క ముందువైపు ఎముక నొప్పితో మూడు వారాలు కూర్చున్నాను. రెండు కాళ్లూ సమానంగా బరువెక్కితే అది అలసట. వేలు పెట్టి చూపించగలిగే చోట నొప్పి, పరుగెత్తే కొద్దీ పెరుగుతుంటే, వెంటనే ఆపేయండి.

ఎండాకాలం కాబట్టి తెల్లవారుజామున నాలుగున్నరకే బయటపడాలి. అంటే రాత్రి తొమ్మిదిన్నరకి లైటు ఆరిపోవాలి. నా లెక్కలో షూ కన్నా, వాచీ కన్నా ఇదే ముఖ్యం. నిద్ర చాలని వారం నాకు ఇంట్లో ప్రతి మాటకీ చిరాకొస్తుంది.

ఇక ధ్యాస సంగతి. 30 కిలోమీటర్లు అనుకుంటే మొదటి అడుగులోనే టెన్షన్ మొదలవుతుంది. నేను ఉస్మానియా క్యాంపస్‌లో ఆర్ట్స్ కాలేజీ ముందు స్కూటీ ఆపి, సుమారు 5 కిలోమీటర్ల రౌండ్లు తిరుగుతాను. డిక్కీలో ఉప్పు వేసిన నిమ్మకాయ నీళ్లు, ఖర్జూరాలు ఉంటాయి. ఉత్త నీళ్లే అతిగా తాగితే ఒంట్లో సోడియం పడిపోతుంది, అది ప్రమాదం. మొదటి రెండు రౌండ్లు ఆయాసపడకుండా ఒక వాక్యం పూర్తిగా చెప్పగలిగే వేగంలోనే వెళ్తాను. మూడో రౌండు నుంచి నా అడుగుల చప్పుడు వింటాను. అలసిపోతే నా ఎడమ షూ రోడ్డుకి రాసుకుని సర్రుమంటుంది. ఆ శబ్దం రాగానే భుజాలు వదులు చేసి, చూపు పైకెత్తి, అడుగు చిన్నది చేస్తాను. నాలుగైదు కరెంటు స్తంభాలు దాటేసరికి చప్పుడు పోతుంది. మీ ఒళ్లు కూడా ఇలాంటి గుర్తు ఏదో ఇస్తుంది, అదేమిటో పట్టుకోండి. పాటలు పెట్టుకుంటే నాకది వినపడదు.

ఇంటికొచ్చాక గంటన్నరకి అలారం పెట్టి పడుకోండి. తర్వాత అందరితో కూర్చుని భోజనం చేయండి. ఆ పూట పరుగు కబుర్లు వద్దు.

రేసుకి మూడు వారాల ముందు 30, 32 కిలోమీటర్లతో పెద్ద పరుగులు ముగించి, దూరం తగ్గించుకుంటూ రండి. చేతిలో ఖాళీ ఉండేసరికి ఎక్కడలేని అనుమానాలూ వస్తాయి. ఆ రోజుల్లోనే మా అత్తయ్యని కంటి పరీక్షకి తీసుకెళ్లాను, పాప పుస్తకాలకి అట్టలేశాను.

ఇంట్లోవాళ్లు ఎక్కడ నిలబడతారో ముందే మాట్లాడుకోండి. రేసు దారిలో నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా ఫ్లైఓవర్లు, ఎత్తులు చాలా ఉన్నాయి. చివరి పది కిలోమీటర్లు మరీ కష్టం. మావారు, పాప 35వ కిలోమీటరు దాటాక నా పసుపు చున్నీ పట్టుకుని నిలబడ్డారు. 30 దాటాక నేను 42 గురించి ఆలోచించలేదు, ఆ చున్నీ కోసమే చూశాను.