వంటింట్లో గూళ్లు కట్టించే ముందు సామాను లెక్క తీయండి

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇప్పుడు కొత్త ఇల్లు కట్టుకునేవాళ్లలో చాలామంది హాలు గురించి నెలల తరబడి ఆలోచిస్తారు, వంటగది దగ్గరికి వచ్చేసరికి మాత్రం కార్పెంటర్ ఫోన్లో చూపించిన నాలుగు ఫోటోల్లో ఒకటి బాగుందని వేలు పెట్టి ఊరుకుంటారు. ఆ ఫోటోల్లో వంటగది బాగానే ఉంటుంది, కానీ అది వారానికి సరిపడా సరుకులు ప్యాకెట్లలో తెచ్చుకునే ఇంటి కోసం గీసింది. మన ఇళ్ల లెక్క వేరు. సంక్రాంతి దాటేసరికి పొలం బియ్యం బస్తాల్లో దిగుతాయి, మాఘ ఫాల్గుణాల్లో సీతంపేట, పార్వతీపురం వైపు నుంచి కొత్త చింతపండు వస్తుంది, ఎండలు ముదిరితే ఎండుమిర్చి, ఆ వెంటనే ఆవకాయ. ఉద్దానంలో చుట్టాలుంటే కొబ్బరికాయలు, పనసకాయలు సరేసరి. ఏడాది సామాను తెచ్చుకునే ఇంట్లో వారం సామానుకి గూళ్లు కట్టిస్తే మిగిలిందంతా డైనింగ్ టేబుల్ కిందకీ, మంచం కిందకీ చేరుతుంది. అందుకే ముందు సామాను లెక్క, తర్వాతే గూళ్ల కొలత.

లెక్క తీయడం కష్టమేమీ కాదు, ఒక ఆదివారం చాలు. వంటింట్లో ఉన్నదంతా ఒక కాగితం మీద మూడు వరసల్లో రాయండి: రోజూ చెయ్యి పడేవి, వారానికి ఒకటి రెండుసార్లు తీసేవి, పండగకో పబ్బానికో దింపేవి. రాసేటప్పుడు పెద్ద గిన్నెల్ని టేపుతో కొలవండి, కుక్కర్‌ని పిడితో కలిపి, కడాయిని చెవులతో కలిపి, మూత పెట్టి. సొరుగు లోతు చాలక కుక్కర్ పిడి అడ్డుపడి తలుపు మూసుకోని వంటగదులు ఎన్నో ఉన్నాయి, అది కేవలం ఈ కొలత తీసుకోకపోవడం వల్లే.

సరుకులకైతే కిలోల్ని లీటర్లలోకి మార్చుకోవాలి, ఎందుకంటే డబ్బాలు అమ్మేది లీటర్లలో, సరుకు కొనేది కిలోల్లో. బియ్యం, కందిపప్పు, మినప్పప్పు లాంటివి లీటరు డబ్బాలో సుమారు 800 గ్రాములు పడతాయి. గోధుమపిండి, చోడిపిండి (రాగిపిండి) లాంటివి తేలిక, లీటరుకి 550 నుంచి 600 గ్రాములే. అంటే 5 కిలోల కందిపప్పుకి 6 లీటర్ల పైచిలుకు డబ్బా కావాలి, 25 కిలోల బియ్యం బస్తాకి 32 లీటర్లు. 12 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 14 ఎత్తు ఉన్న డబ్బా అయితే ఒక బస్తా బియ్యం సరిగ్గా సరిపోతాయి. ఈ చిన్న లెక్క వేసుకుంటే డబ్బాలు కొనేటప్పుడు ఊహలతో పని ఉండదు.

ఇక ఎత్తుల సంగతి. దీనికి కొలత ఇంట్లో ఎక్కువగా వంట చేసే మనిషే, ఆర్కిటెక్టూ కాదు, మేస్త్రీ కాదు. ఆవిడ (లేదా ఆయన) చెప్పులు లేకుండా నిటారుగా నిలబడి మోచెయ్యి మడిస్తే, మోచేతికి 4 అంగుళాలు కింద గట్టు ఉండాలి. అయిదడుగుల మనిషికి అది 33 అంగుళాల దగ్గర వస్తుంది. అత్తగారూ కోడలూ ఇద్దరూ వండే ఇంట్లో ఎత్తుల్లో తేడా ఉంటే, రోజులో ఎక్కువసేపు నిలబడేవాళ్ల కొలతే తీసుకోండి. మోకాలి నుంచి భుజం దాకా ఉన్న జాగా బంగారం, రోజూ వాడేవన్నీ అక్కడే ఉండాలి. మోకాలి కింద బరువైనవి, తల పైన తేలికైనవి. అయిదడుగుల మనిషికి పీట ఎక్కకుండా తేలిగ్గా అందేది ఆరడుగుల లోపే, కాబట్టి పై గూళ్లలో ఆ ఎత్తు దాటిన అర ఎంత అందంగా ఉన్నా అది అటక కింద లెక్కే. గట్టుకీ పై గూళ్లకీ మధ్య 20 నుంచి 24 అంగుళాలు వదలండి, పై గూళ్ల లోతు 12 అంగుళాలు చాలు. అంతకంటే లోతు పెడితే గట్టు మీద వంగినప్పుడల్లా నుదురు తగులుతుంది.

గట్టు కింద ఏం కట్టించాలన్నదే అసలు విషయం, ఇక్కడే డబ్బు సరిగ్గా పెట్టాలి. మన పాత ఇళ్లలో కడప బండతో గూళ్లు కట్టేవారు, చెద పట్టదు, తడికి ఉబ్బదు, నా దృష్టిలో ఇప్పటికీ మంచి పద్ధతే. చిక్కంతా లోతుతో. 2 అడుగుల లోతున్న గూట్లో వెనక వరసలో ఉన్న గిన్నె కావాలంటే నేల మీద గొంతుక్కూర్చుని, ముందున్న నాలుగు గిన్నెలు బయట పెట్టి, చెయ్యి భుజం దాకా లోపలికి పోనిచ్చి తడుముకోవాలి, తీశాక ఆ నాలుగూ మళ్లీ సర్దాలి. మోకాళ్ల నొప్పులున్న మనిషి ఒకటి రెండుసార్లు చూసి ఆ గిన్నె జోలికే పోదు, చివరికి అలాంటిదే ఇంకొకటి కొని గట్టు మీద పెట్టుకుంటుంది. ఇలా గట్టు నిండిపోతుంది, గూట్లో వస్తువులు మూలపడతాయి.

దీనికి రెండు దారులు. బడ్జెట్ ఉంటే గట్టు కింద తలుపులు తగ్గించి సొరుగులు పెట్టించండి, సొరుగు బయటికి లాగితే వెనక చివర ఉన్నది కూడా పైనుంచి కనిపిస్తుంది. గట్టు ఎత్తు 33 అనుకుంటే కింద దిమ్మ 4 అంగుళాలు, పైన గ్రానైట్ సుమారు 1 పోతే 28 మిగులుతుంది. దాన్ని పైన 6, మధ్యలో 9, కింద 13గా విడగొడితే పై సొరుగులో గరిటెలు, పోపుల డబ్బా, చాకులు, మధ్యలో కంచాలు, చిన్న గిన్నెలు, కింద కుక్కర్లు, కడాయిలు వస్తాయి. పలకల మందం, సొరుగు జారే పట్టాలకి (చానళ్లకి) ఖాళీ పోను లోపల ఇంకా ఒక అంగుళం పైనే తగ్గుతుంది, కొలిచి పెట్టుకున్న కుక్కర్ ఎత్తు అప్పుడు పనికొస్తుంది. కింది సొరుగుకి చానల్ ఎన్ని కిలోలు మోస్తుందో అడిగి కొనండి, ఇత్తడి, ఇనప సామాను వేస్తే 30 కిలోలు ఇట్టే దాటుతుంది. దిమ్మ మాత్రం ప్లైవుడ్‌తో వద్దు, ఇటుకో టైలో వేయించండి, మనం వంటగది నీళ్లు పోసి కడుగుతాం కాబట్టి చెక్క దిమ్మ ఎక్కువకాలం నిలవదు.

బడ్జెట్ లేకపోతే కడప బండే వేయించండి, కాకపోతే మధ్య అరని పూర్తి లోతు కాకుండా 14 అంగుళాలకే ఆపమని మేస్త్రీకి చెప్పండి. అలా చేస్తే కింది అరలో ముందువైపు పొడుగు గిన్నెలకి జాగా వస్తుంది, పైనుంచి చూసినా కింద ఏముందో తెలుస్తుంది. ఆ గూట్లో వైర్ బుట్టలు లేదా ప్లాస్టిక్ ట్రేలు పెట్టి వాటిలో సామాను సర్దితే, ట్రే మొత్తం లాగి తీసుకోవచ్చు, సొరుగు పనిలో సగం అదే చేసేస్తుంది. అద్దె ఇంట్లో ఉండేవాళ్లకి కూడా ఇదే ఉపాయం, గోడకి ఒక్క మేకు కొట్టక్కర్లేదు.

బియ్యం బస్తాలన్నీ వంటింట్లో పెట్టకండి. ఒక్క బస్తాకి సరిపడా డబ్బా వంటింట్లో, మిగతావి స్టోర్ రూములోనో మెట్ల కిందో నేలకి 4 అంగుళాలు పైన చెక్క బల్ల మీద, గోడకి ఆనకుండా. గోడకి ఆనితే వానాకాలం చెమ్మ లాగి బియ్యం ముక్కిపోతాయి, పురుగు కూడా అక్కడినుంచే మొదలవుతుంది. ఎండిన వేపాకు వేయడం మన పెద్దవాళ్లు చేసిందే, చెయ్యండి, కానీ అంతకంటే ముఖ్యం పాత బియ్యం పూర్తిగా అయ్యాక డబ్బా కడిగి ఎండలో ఆరబెట్టి అప్పుడు కొత్తవి పొయ్యడం. అడుగున పాతవి ఉండగా పైన కొత్తవి పోస్తే ఆ పురుగు వీటికీ పడుతుంది. చోళ్లకీ, మినుములకీ ఇదే మాట.

గ్యాస్ బండ జాగా ముందే ఆలోచించండి. మామూలు 14.2 కిలోల బండ ఎత్తు 2 అడుగులు దాటుతుంది, పైన రెగ్యులేటర్ కూడా పట్టాలి. బండ ఎప్పుడూ నిలువుగానే ఉండాలి, పొయ్యి దాని కంటే ఎత్తులో ఉండాలి. ఎల్పీజీ గాలి కంటే బరువు, లీకయితే పైకి పోదు, నేల మట్టానికి దిగి అక్కడే పేరుకుంటుంది. కాబట్టి బండ పెట్టే గూటి తలుపుకి కింది భాగంలో గాలి ఆడే కంతలు తప్పకుండా ఉండాలి, ఆ గూట్లో స్విచ్‌బోర్డు, ప్లగ్గు ఏదీ ఉండకూడదు. అందం కోసం బిగుతుగా తలుపు మూసేసే డిజైన్ ఎవరు చూపించినా వద్దనండి. పక్కన ఖాళీ ఉంది కదా అని ఆ గూట్లోనే నూనె డబ్బాలు, పాత పేపర్లు సర్దడం కూడా వద్దు.

పొయ్యికి సరిగ్గా పైన మసాలా గూడు పెట్టించడం చాలామంది ఇళ్లలో చూస్తాం. చేతికి దగ్గరే గానీ ఆవిరి, వేడి అంతా అక్కడికే పోతాయి, పసుపు, కారం రంగు చస్తాయి, ఉప్పు నీరవుతుంది. పొయ్యికి పక్కన, కుడిచేతి వాటం వాళ్లయితే కుడివైపు సొరుగులో పెట్టుకుంటే వెలుతురు తగలదు, చెయ్యి చాపితే అందుతుంది. ఉప్పు, చింతపండు, పచ్చళ్లు స్టీలు డబ్బాల్లో వద్దు, ఉప్పూ పులుపూ కలిస్తే లోహాన్ని తినేస్తాయి. జాడీ, గాజు సీసా మేలు. ఆవకాయ పెద్ద జాడీకి చీకటిగా, పొడిగా, నేలకి కాస్త పైన ఉన్న కింది అర సరైన చోటు, పైన పెడితే దింపేటప్పుడు టెన్షన్. వారానికి సరిపడా చిన్న జాడీలోకి తీసుకుని అదొక్కటే గట్టు మీద ఉంచండి. భీమాళి తాండ్ర, పలాస జీడిపప్పు తెచ్చుకుంటే గాలి చొరబడని డబ్బాలో వేయాలి, మన తేమకి జీడిపప్పు మెత్తబడి ముక్కిన వాసన రావడానికి ఎక్కువ రోజులు పట్టదు. ఎండుచేపలు, ఎండురొయ్యలు వంటింటి గూళ్లలో అసలు పెట్టకండి, బిగుతు మూతున్న డబ్బాలో పెరటి వరండా గూట్లో పెడితే పప్పులకి వాసన అంటదు. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు వేర్వేరు బుట్టల్లో, రెండింటికీ గాలి ఆడాలి, దుంపలకి మాత్రం వెలుతురు తగలకూడదు, తగిలితే పచ్చబడి తినడానికి పనికిరావు.

సింకు కింద తినే వస్తువు ఏదీ వద్దు. చెత్తబుట్ట, గిన్నెల సబ్బు, చీపురు, అంతే.

చెక్క గురించి రెండు మాటలు. కళింగపట్నం, భావనపాడు, చింతపల్లి లాంటి తీరపు ఊళ్ల చుట్టుపక్కల ఉప్పుగాలికి ముందు పోయేది తలుపుల కబ్జాలు (బందులు), చానళ్లు. స్టీలు బుట్టలు, కబ్జాలు కొనేటప్పుడు 304 గ్రేడ్ అని రాసి ఇవ్వమనండి, 202 చవకే గానీ ఉప్పుగాలికి త్వరగా తుప్పు మచ్చలు పడుతుంది. ప్లైవుడ్ అయితే సింకు చుట్టూ ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై, మిగతా చోట్ల ఐఎస్ 303లో బీడబ్ల్యూఆర్ (మరిగే నీటిని తట్టుకునే) రకం. ఎంఆర్ (కొద్దిపాటి చెమ్మని మాత్రమే తట్టుకునేది) అని రాసి ఉన్నది తేమ ఉన్న చోట వాడకూడదు. ముద్ర షీటు మీద ఉంటుంది, కోయకముందే చూసుకోవాలి, కోసి అతికించాక ఎవరికీ తెలియదు.

అటక మీదికి మూడో వరసలో రాసినవి పోతాయి. అమ్మమ్మల నాటి బుడితి ఇత్తడి సామాను, పెద్ద గుండిగలు, సంక్రాంతికి అరిసెల మూకుడు, దసరా వెళ్లిన మంగళవారం విజయనగరం పైడితల్లి సిరిమాను ఉత్సవానికి చుట్టాలు దిగినప్పుడు తీసే పెద్ద గిన్నెలు. ఒకదాంట్లో ఒకటి పెట్టి, పాత చీర చుట్టి, బయటికి కనిపించేలా ఏ గిన్నెలున్నాయో కాగితం అతికించండి. బరువైనవి అటక అంచు దగ్గర, తేలికైనవి లోపలికి, ఎందుకంటే నిచ్చెన మీద నిలబడి బరువు లోపలినుంచి లాగడం ప్రమాదం.

అక్టోబరు, నవంబరుల్లో మనకి తుపాను కాలం. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు చాలా ఊళ్లలో కరెంటు రోజుల తరబడి లేదు, ఆ సమయంలో చీకట్లో వెతుక్కోకుండా దొరికేదే పనికొచ్చింది. కాబట్టి ఒక గూడు, నేల మట్టంలో కాకుండా నడుము ఎత్తులో, దీనికే కేటాయించండి: టార్చి, కొవ్వొత్తులు, ప్లాస్టిక్ సంచిలో అగ్గిపెట్టెలు, అటుకులు, బెల్లం, వేరుశనగలు, మూత ఉన్న నీళ్ల డబ్బాలు ఖాళీవి. సెప్టెంబరు చివర ఒకసారి తీసి చూసి, పాత అటుకులు వాడేసి కొత్తవి పెట్టుకోవాలి.

ఇదంతా కాగితం మీద అయ్యాక కార్పెంటర్‌ని పిలిచే ముందు ఇంకో పని చెయ్యండి. సుద్దముక్క తీసుకుని గోడ మీద గట్టు ఎత్తు, పై గూళ్ల అడుగు, అరలు, బండ జాగా అన్నీ అసలు కొలతల్లో గీయండి. వండే మనిషిని అక్కడ నిలబెట్టి ఒక పూట వంట మొత్తం ఉత్తి చేతులతో చేయించండి: బియ్యం తీశారు, కడిగారు, కుక్కర్ ఎక్కించారు, పోపు పెట్టారు. చెయ్యి ఎక్కడ అందలేదో, ఎక్కడ రెండడుగులు ఎక్కువ నడవాల్సి వచ్చిందో అప్పుడే బయటపడుతుంది, సుద్ద గీత చెరిపి మళ్లీ గీయడానికి ఖర్చు లేదు. ఆ గీతలకి ఫోటోలు తీసి, కొలతలు రాసి, అవే కార్పెంటర్‌కి ఇచ్చి రేటు అడగండి.