ప్రైవేటు రోడ్డే, అయినా సిటీ వాళ్లు వచ్చి బాగుచేశారు

అమెరికాలో మా కమ్యూనిటీ లోపలి రోడ్డు ఒకచోట కుంగి, తారు మొసలి చర్మంలా పగిలిపోయింది. సిటీకి ఫోన్ చేస్తే, అది ప్రైవేటు స్ట్రీట్, మీ హోమ్‌ఓనర్స్ అసోసియేషనే (కమ్యూనిటీలో ఇళ్ల యజమానుల సంఘమే) చూసుకోవాలి అన్నారు. సిటీకి అప్పగించని రోడ్డు మీద పన్నుల డబ్బు మామూలుగా ఖర్చు పెట్టరు, ఆ మాట నిజమే. కానీ నాకు మనసొప్పలేదు, ఎందుకంటే వాన వెలిసి నాలుగు రోజులైనా ఆ గుంత అంచు ఆరడం లేదు, కాలు ఆనిస్తే మెత్తగా దిగుతోంది.

కౌంటీ రికార్డుల ఆఫీసు నుంచి మా కమ్యూనిటీ ప్లాట్ మ్యాప్ (స్థలాలు, రోడ్ల హద్దులు చూపించే రికార్డు పటం) తీయించా. రోడ్డు మాదే, దాని కింద ఈజ్‌మెంట్‌లో (మన స్థలంలోనే వేరొకరికి వాడుకునే హక్కు ఇచ్చిన జాగాలో) పోతున్న మంచినీళ్ల మెయిన్ పైపు మాత్రం సిటీది! వెంటనే తేదీలతో ఫోటోలు, మ్యాప్ కాపీ జతచేసి, ఈసారి రోడ్ల విభాగానికి కాకుండా నీటి విభాగానికి పంపించా. వాళ్లు వచ్చి చూస్తే పైపు జాయింట్ దగ్గర లీకు ఉంది. అది సరిచేసి, తవ్వినంత మేర కంకర దిమ్మిస చేసి తారు కూడా వేసి వెళ్లారు.

మిగతా పగుళ్లు మా బాధ్యతే, అసోసియేషన్ రిజర్వ్ ఫండ్‌తో (పెద్ద మరమ్మతులకు దాచిన డబ్బుతో) సీల్ చేయించాం. నీళ్లు దిగితే కింది కంకర పొర మెత్తబడి మళ్లీ కుంగుతుంది కాబట్టి ఇది వాయిదా వేయొద్దు.

ఒక్క మాట, తవ్వాక రోడ్డు పైభాగం ఎవరు పూడ్చాలో మీ ఈజ్‌మెంట్ పత్రంలో ముందే చదువుకోండి, అన్నిచోట్లా ఒకేలా ఉండదు.