టెక్స్చర్ కట్‌కి నేను కత్తి ఎలా పడతానంటే

బెంగళూరు మారతహళ్లిలో మా సెలూన్ చుట్టూ అన్నీ పీజీ హాస్టళ్లే. శనివారం వచ్చే కుర్రాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. ఫోన్లో ఫొటో చూపించి, "అన్నా, పైన ఇలా చెదిరినట్టు ఉండాలి" అంటారు. కత్తెరతోనూ చెయ్యొచ్చు. కానీ కొసలు మెత్తగా, పాయలుపాయలుగా విడాలంటే నేను కత్తే తీస్తాను.

ముందు జుట్టు చూడండి. నిటారుగా, దట్టంగా ఉంటే భేషు. పలచటి జుట్టయితే కత్తి పడ్డాక నెత్తి కనబడుతుంది, దానికి కత్తెర చాలు. ఉంగరాల జుట్టు జోలికి పోవద్దు. కొత్తలో ఒక పెళ్లికొడుకు మీద నా పనితనం చూపించాను. ఆరేసరికి కొసలన్నీ కొబ్బరిపీచులా లేచాయి. డబ్బులు తీసుకోలేదు కానీ, ఆల్బమ్‌లో మాత్రం అతను అలాగే ఉన్నాడు.

తడి జుట్టు మీదే పని. మా వైపు బోరు నీళ్లకి జుట్టు బిరుసెక్కుతుంది, అందుకే కాస్త కండిషనర్ రాసి కడిగి, టవల్‌తో అద్దుతాను. మధ్యలో ఆరిపోతే మళ్లీ స్ప్రే కొట్టాలి. పొడి జుట్టుని కత్తి కొయ్యదు, పీకుతుంది.

బ్లేడు కొత్తది, కాగితంలో ఉండగానే సగానికి విరిచి, కస్టమర్ కళ్లముందే ఎక్కించండి. మొద్దుబారినట్టు అనిపిస్తే రెండో సగం.

పక్కలు, మెడ మెషీన్‌తో ముందే అయిపోవాలి. పైన కత్తెరతో పొడవు సరిచేసి, కావలసినదానికంటే అరంగుళం ఎక్కువ ఉంచుతాను.

ఇక కత్తి. వేలెడు వెడల్పు పాయ తీసి, కొసలు రెండు వేళ్ల మధ్య బిగువుగా పట్టుకోండి. కత్తిని జుట్టు మీద దాదాపు పడుకోబెట్టి, పాయ సగం నుంచి కొసవైపు చిన్నచిన్నగా జార్చండి. వేళ్ల దాకా రానివ్వద్దు. నిలబెట్టేకొద్దీ ఎక్కువ తెగుతుంది. కుదుళ్ల దగ్గర అసలు పెట్టకండి, పొట్టి వెంట్రుకలు ముళ్లలా పైకి లేస్తాయి. మూడు నాలుగు సార్లు జార్చి, వేళ్లు విప్పి చూసుకోండి: తెగినవి వేళ్లలోనే ఉంటాయి. సన్నటి కుచ్చు కనబడితే చాలు, తర్వాతి పాయకి వెళ్లిపోండి. నేర్చుకునే కుర్రాళ్లు ఇక్కడే ఆగరు. ఆ సర్ర్ చప్పుడు బాగుంటుంది మరి!

సుడి దగ్గర నేను కత్తి పెట్టను. అక్కడ బరువు తగ్గితే ఆ నాలుగు వెంట్రుకలూ జెండాలా నిలబడతాయి. రెండు సుడులుంటే ఇంకా జాగ్రత్త.

డ్రయర్ పట్టి, దువ్వెన లేకుండా వేళ్లతోనే అటూ ఇటూ చెదరగొట్టి ఆరబెట్టండి. ఎక్కడ బరువుందో అప్పుడు తెలుస్తుంది, అక్కడ మళ్లీ కాస్త తడిపి ఒక్కసారి జార్చండి. చివర్లో శనగగింజంత క్లే (జుట్టు నిలవడానికి రాసే ముద్ద) అరచేతుల్లో పూర్తిగా కరిగేలా రుద్ది, వెనక నుంచి ముందుకు.

బండి మీద వచ్చినవాళ్లకి మాత్రం క్లే రాయను. హెల్మెట్ తీశాక ఆఫీసు బాత్‌రూమ్‌లో రాసుకోమంటాను.