మీ తెలుగు వెబ్ పత్రికను చూపు లేని పాఠకులు చదవగలిగేలా చేయడం ఎలా?

కథలు, కవితలు, వ్యాసాలతో తెలుగులో వెబ్ పత్రికలు చాలానే వస్తున్నాయి. వాటిని చదవాలనుకునే వాళ్ళలో చూపు లేని పాఠకులూ ఉన్నారు. వాళ్ళు కంప్యూటర్‌లో స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకుని, తెర మీది అక్షరాలను చెవితో వింటూ, మౌస్ ముట్టుకోకుండా కీబోర్డుతోనే చదువుకుంటారు. అచ్చు పత్రిక అయితే ఎవరో ఒకరు కూర్చుని చదివి పెట్టాలి. వెబ్ పత్రికకు ఆ అవసరం ఉండకూడదు. కానీ చాలా పత్రికల్లో ఇంకా ఉంటోంది. దాన్ని సరిచేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు, సంపాదకులు శ్రద్ధ పెడితే చాలు.

1. ముందు మీరే వినండి

ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగా దొరుకుతుంది. చూపు లేని ఆస్ట్రేలియా యువకుడు మైకేల్ కరన్ 2006లో దీన్ని మొదలుపెట్టారు. విండోస్ కంప్యూటర్‌లో దించుకుని, దాని స్పీచ్ సెట్టింగ్స్‌లో సింథసైజర్‌ను, అంటే అక్షరాలను గొంతుగా మార్చే భాగాన్ని, ఈస్పీక్‌కు మార్చి, తెలుగు గొంతు ఎంచుకోండి. అది మర గొంతే, అలవాటు పడటానికి కాస్త టైమ్ పడుతుంది.

ఇప్పుడు మీ తాజా సంచిక తెరిచి మానిటర్ ఆపేయండి. ఇన్సర్ట్ కీ పట్టుకుని కింది బాణం నొక్కితే చదువుకుంటూ పోతుంది, కంట్రోల్ నొక్కితే ఆగుతుంది. హెచ్ నొక్కితే తర్వాతి శీర్షికకు, కె నొక్కితే తర్వాతి లింకుకు, జి నొక్కితే తర్వాతి బొమ్మకు వెళ్తుంది. ఒక కథ వెతికి పట్టుకుని చివరిదాకా వినండి, కింద అభిప్రాయం కూడా రాసి పంపండి. ఎక్కడెక్కడ ఇరుక్కుపోయారో రాసిపెట్టుకోండి. ముందుగా సరిచేయాల్సినవి అవే.

2. అక్షరాలు నిజంగా అక్షరాలేనా?

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. కవితను అందంగా పోస్టర్‌లా చేసి బొమ్మగా పెట్టడం మనకు బాగా అలవాటు. కంటికి అది కవితే. స్క్రీన్ రీడర్‌కు మాత్రం ఒక్క అక్షరమూ లేని ఉత్త బొమ్మ. పోస్టర్ పెట్టుకోండి, తప్పులేదు, కానీ దాని కిందే కవిత మొత్తం టైపు చేసి పెట్టండి. పేజీలు తిరగేసినట్టు కనిపించే ఫ్లిప్‌బుక్‌లలోనూ చాలావరకు ఉండేది పేజీల ఫొటోలే.

పీడీఎఫ్ సంచికలది ఇంకో చిక్కు. అను ఫాంట్ల లాంటి పాత పద్ధతిలో కంపోజ్ చేసిన ఫైళ్ళలో పైకి తెలుగు కనబడుతుంది, లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన గందరగోళం. పరీక్షించడం తేలిక: పీడీఎఫ్‌లో ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. తెలుగు రాకపోతే స్క్రీన్ రీడర్‌కూ తెలుగు వినిపించదు. అలాంటి వాటిని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటర్ అయినా తెలుగును తెలుగుగానే గుర్తుపట్టే పద్ధతిలోకి మార్చి ప్రూఫ్ చూసుకోవాలి, ఎందుకంటే మార్పిడిలో వత్తులు తరచు చెడతాయి. స్కాన్ చేసిన పాత సంచికలైతే గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి గూగుల్ డాక్స్‌తో తెరవండి, బొమ్మలోని తెలుగు చాలావరకు అక్షరాలుగా మారుతుంది. దానికీ ప్రూఫ్ తప్పదు. పీడీఎఫ్ ఉన్నా సరే, ప్రతి రచననూ విడిగా వెబ్ పేజీగా ఇవ్వడం అన్నిటికన్నా మంచిది.

యూనికోడ్‌లో ఉన్నంత మాత్రాన పని పూర్తయినట్టు కాదు. కంటికి ఆనని టైపింగ్ తప్పులు చెవికి పట్టుబడతాయి. పూర్ణానుస్వారం ఉండాల్సిన చోట కొందరు తెలుగు అంకెల్లోని సున్నా కొడతారు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. స్క్రీన్ రీడర్‌కు అవి వేర్వేరు, అందుకే ‘వంట’ అన్న మాట మధ్యలో సున్నా వచ్చి పడి ముక్కలవుతుంది. ‘దుఃఖం’లో విసర్గకు బదులు కోలన్ కొట్టడం మరీ ఎక్కువ. శీర్షిక అందంగా ఉంటుందని ‘క వి త’ అని అక్షరాల మధ్య ఖాళీలు వదిలితే అది మాటగా వినిపించదు, విడి అక్షరాలుగా వినిపిస్తుంది. ఆ సున్నాలనూ కోలన్లనూ ఫైండ్ అండ్ రీప్లేస్‌తో వెతికి మార్చడం నిమిషాల్లో అయ్యే పని. కోలన్లను మాత్రం ఒక్కొక్కటే చూసుకుంటూ మార్చండి, కొన్నిచోట్ల కోలనే ఉండాలి కదా.

3. భాష ఏదో చెప్పండి

పేజీ ఏ భాషలో ఉందో కోడ్‌లో రాసి ఉండాలి. ఉంటే స్క్రీన్ రీడర్ తనంతట తానే తెలుగు గొంతుకు మారుతుంది. వర్డ్‌ప్రెస్ వాడేవాళ్ళు జనరల్ సెట్టింగ్స్‌లో సైట్ భాషను తెలుగుగా ఎంచుకుంటే సాధారణంగా సరిపోతుంది.

4. శీర్షికలు, లింకులు

అక్షరాలను లావు చేసి, సైజు పెంచినంత మాత్రాన అది శీర్షిక అయిపోదు. రచనను సైట్‌లోకి ఎక్కించే ఎడిటర్‌లో హెడ్డింగ్ అనే ఆప్షన్ వాడాలి. పేజీకి రచన పేరు మొదటి స్థాయి, లోపలి ఉపశీర్షికలు రెండో స్థాయి. చూపున్నవాళ్ళు విషయసూచిక మీద ఒకసారి కన్ను వేసి కావలసింది పట్టుకుంటారు. చూపు లేనివాళ్ళు అదే పనిని హెచ్ నొక్కుకుంటూ చేస్తారు. హెడ్డింగులు లేని పేజీలో మెనూ నుంచి ప్రకటనల దాకా అంతా విన్నాక గానీ కథ మొదలవదు.

లింకులదీ అంతే. విషయసూచికలో ప్రతి రచన కింద ‘ఇంకా చదవండి’ అని ఉంటే, కె నొక్కిన ప్రతిసారీ అదే మాట. ఏ కథో తెలియదు. రచన పేరునే లింకుగా పెట్టండి. కథలో ఘట్టాల మధ్య నక్షత్రాల వరసలు పెడితే అవి ‘స్టార్ స్టార్ స్టార్’ అని వినిపించొచ్చు. వాటి బదులు ఎడిటర్‌లో ఉండే అడ్డగీత వాడండి.

5. బొమ్మలకు మాటలు

బొమ్మ ఎక్కించేటప్పుడు ఆల్ట్ టెక్స్ట్ అని ఒక గడి కనిపిస్తుంది. అది ఖాళీగా వదిలేస్తే కొన్నిసార్లు ఫైలు పేరో, కెమెరా ఇచ్చిన నంబరో చదివి వినిపిస్తుంది. కథకు వేసిన బొమ్మ అయితే ‘కథా చిత్రం’ అని రాసి వదిలేయకండి. ‘వాన వెలిసిన వీధిలో గొడుగు మూసి నిలబడ్డ ముసలాయన’ అని రాస్తే ఆ బొమ్మ వాళ్ళకూ చేరుతుంది. ఆర్టిస్టు పడ్డ కష్టానికి ఇవ్వాల్సిన గౌరవం కూడా అదే. పేజీ అందం కోసం పెట్టిన లతలూ అంచులూ అయితే ఆల్ట్‌ను కావాలనే ఖాళీగా ఉంచామని కోడ్‌లోనే చెప్పాలి, అప్పుడు వాటిని దాటేసి వెళ్తుంది.

6. పాఠకుణ్ణి మాట్లాడనివ్వండి

అభిప్రాయాల పెట్టెలో పేరు, ఈమెయిల్ గడులకు, ఏ గడిలో ఏం రాయాలో స్క్రీన్ రీడర్ చదివి చెప్పేలా లేబుల్స్ ఉండాలి. వంకర అక్షరాల బొమ్మ చూసి టైపు చేయమనే క్యాప్చా తీసేయండి. స్పామ్ ఆపడానికి వేరే దారులు ఉన్నాయి. తెరవగానే మీద పడే పాపప్, దానంతట అదే మోగే ఆడియో కూడా వద్దు. స్క్రీన్ రీడర్ గొంతు మీద ఇంకో గొంతు పడితే ఏదీ వినపడదు.

మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సమాచారం అందరికీ అందుబాటులో ఉండాలని చెబుతోంది. డిజిటల్ సేవల అందుబాటు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో తీర్పు ఇచ్చింది. కాబట్టి ఇదేదో ఉపకారం చేస్తున్నామనుకుని చేసే పని కాదు.

7. వాళ్ళతో చదివించండి

ఇన్ని చేసినా, ఏళ్ళ తరబడి స్క్రీన్ రీడర్ వాడుతున్న వాళ్ళకు కనబడే లోపాలు మీకు కనబడవు. సంచిక విడుదలకు ముందు చూపు లేని పాఠకులు ఒకరిద్దరికి పంపి, అడిగి తెలుసుకోండి. వీలైతే ఆ శ్రమకు పారితోషికం ఇవ్వండి. ‘చదవడంలో ఇబ్బంది ఉంటే చెప్పండి’ అని ఒక ఈమెయిల్‌ను ప్రతి పేజీ అడుగునా ఉంచండి, బొమ్మలో కాదు, అక్షరాల్లోనే. పాత సంచికలన్నీ ఒకేసారి బాగుచేయాలంటే ఎవరికైనా టెన్షనే. కొత్త సంచిక నుంచి సరిగ్గా మొదలుపెట్టి, ఆపైన పాఠకులు ఎక్కువగా అడిగే రచనల నుంచి వెనక్కి వెళ్ళండి.