బరంపురం వైపు కొత్తగా వచ్చారా? పిల్లల కాలేజీ లెక్క ముందే వేసుకోండి

బదిలీ మీదో వ్యాపారం మీదో ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వచ్చిన మన తెలుగువాళ్లు ముందు ఇల్లు, గ్యాసు, స్కూలు చూసుకుంటారు. పై చదువుల సంగతి ప్లస్ టూ పరీక్షలయ్యాక గుర్తొస్తుంది. (ఇక్కడ ఇంటర్‌ని ప్లస్ టూ అని, డిగ్రీని ప్లస్ త్రీ అని అంటారు.) అప్పటికి ఆలస్యమైపోతుంది.

ఎందుకంటే, ఆంధ్రాలో 85 శాతం సీట్లు లోకల్ వాళ్లవి. ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లూ అక్కడ చదివిన పిల్లలనే మామూలుగా లోకల్‌గా లెక్కేస్తారు. తొమ్మిది నుంచి ఇక్కడే చదివిస్తే మిగిలేది ఆ 15 శాతమే, దానికీ తల్లిదండ్రుల పదేళ్ల నివాసం లాంటి షరతులున్నాయి. సరిహద్దు అవతల ఆంధ్రాలోని ఇచ్ఛాపురంలో దగ్గరి బంధువులుంటే, పిల్లల్ని వాళ్లింట్లో ఉంచి చదివించే విషయం ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. ఇక్కడి ప్రభుత్వ కౌన్సెలింగ్‌కి ఒడిశా రెసిడెంట్ సర్టిఫికెట్ అడుగుతారు. కొత్తవాళ్లకు అది వెంటనే చేతికొస్తుందని నమ్మకం పెట్టుకోవద్దు. బరంపురం ఐసర్ (సైన్సు చదువుల కేంద్ర ప్రభుత్వ సంస్థ), కోరాపుట్‌లోని సెంట్రల్ యూనివర్సిటీల్లో మాత్రం మీది ఏ రాష్ట్రమని చూడరు. ఐసర్‌కి దాని సొంత పరీక్ష, సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ అనే దేశవ్యాప్త ప్రవేశ పరీక్ష రాయాలి.

ప్రైవేటు కాలేజీలైతే చాలా జాగ్రత్తగా చూడాలి. మా అబ్బాయికి సీటు వెతుకుతున్నప్పుడు ఒకచోట అత్యధిక ప్యాకేజీ ఎంతో గొప్పగా చెప్పారు. మీడియన్ జీతం మూడుసార్లు అడిగినా మాట దాటేశారు. ఉద్యోగం వచ్చిన పిల్లలందరినీ జీతాల వరుసలో నిలబెడితే సరిగ్గా నడుమ ఉన్నవాడి జీతమే మీడియన్. మీ పిల్లాడికి దాదాపు ఎంత రావచ్చో దాన్నిబట్టి తెలుస్తుంది. కేంద్ర విద్యాశాఖ ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగ్‌కి దరఖాస్తు చేసిన ప్రతి కాలేజీ తన వెబ్‌సైట్‌లో ఆ వివరాలు పెట్టాలి. ఎంతమంది చేరారు, ఎంతమంది సకాలంలో పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మీడియన్ ఎంత, అన్నీ అందులో ఉంటాయి. చేరినవాళ్లకూ పాసైనవాళ్లకూ తేడా ఎక్కువగా ఉంటే నేనైతే ఆ కాలేజీ వైపు చూడను.

న్యాక్ (కాలేజీల నాణ్యతను అంచనా వేసే జాతీయ సంస్థ) గ్రేడు చూసి మురిసిపోవద్దు, అది కాలేజీ మొత్తానికి ఇచ్చేది. ఇంజినీరింగ్ లాంటి కోర్సులకు ఇచ్చే ఎన్‌బీఏ గుర్తింపు బ్రాంచికి విడిగా ఉంటుంది. సివిల్‌కి ఉండి కంప్యూటర్స్‌కి లేకపోవచ్చు. మీకు కావలసిన బ్రాంచి పేరు చెప్పి, ఆ గుర్తింపు గడువు ఎప్పటివరకో అడగండి.

ఖర్చు ఏడాది ఫీజుతో తేల్చకండి. హాస్టల్, మెస్, పరీక్ష ఫీజులు, డిపాజిట్లు, రానుపోను చార్జీలు, లోన్ వడ్డీ కలిపి నాలుగేళ్లకు లెక్కేయండి. ఆంధ్రా ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందన్న ఆశతో ఇక్కడ చేర్చకండి. నాలుగేళ్ల ఖర్చు మొత్తాన్ని మీడియన్ జీతం పక్కన రాసి చూస్తే మాకు సగం టెన్షన్ తీరింది. లక్షల ఫీజు ఉన్న బీటెక్ కన్నా ప్రభుత్వ కాలేజీలో బీఎస్సీ, ఆపైన బరంపురం యూనివర్సిటీలో ఎమ్మెస్సీ నయమనిపించిన సందర్భాలూ ఉన్నాయి.

చివరగా, పని రోజున చెప్పాపెట్టకుండా ఒకసారి కాలేజీకి వెళ్లండి. హాస్టల్లో మన తెలుగు పిల్లలు కనిపిస్తే పోయిన వారం ఎన్ని క్లాసులు జరిగాయో, ల్యాబ్ ఎన్నిసార్లు తెరిచారో అడగండి.