గోడకు తగిలించే పింగాణీ పలక ఏనాటిది? తికమకలు, తేల్చుకునే దారులు

ముందువైపు బొమ్మ ఎంత ముద్దొచ్చినా, లెక్క తేలేది వెనకవైపే. పలకను గోడమీంచి దించి, మెత్తటి గుడ్డమీద బోర్లించి చూడండి.

సమస్య: 1850 నాటిదని కొన్నారు, వెనక ‘ఇంగ్లండ్’ అని ఉంది.
కారణం: అమెరికా 1890లో మెకిన్లీ సుంకాల చట్టం తెచ్చింది. దాంతో 1891 నుంచి ఆ దేశానికి వెళ్లే సరుకుమీద, ఏ దేశంలో తయారైందో రాయాల్సి వచ్చింది.
పరిష్కారం: దేశం పేరు కనిపిస్తే 1891 తర్వాతదనే అనుమానంతో మొదలుపెట్టండి. ‘మేడిన్ ఇంగ్లండ్’ అని ఉంటే సాధారణంగా ఇరవయ్యో శతాబ్దపుదే. జపాన్ సరుకు ఇంకా తేలిక: ‘నిప్పాన్’ ముద్ర 1891-1921 మధ్యది, ‘ఆక్యుపైడ్ జపాన్’ 1945-52 నాటిది. అయితే పేరు లేనంత మాత్రాన పాతదైపోదు. అమెరికాకు వెళ్లని సరుకుకు ఆ నియమం లేదు, అంటించిన కాగితం ఊడిపోయి ఉండొచ్చు కూడా.

సమస్య: డైమండ్ ఆకారంలో ముద్ర ఉంది, ఏడాది తెలియడం లేదు.
కారణం: అది 1842-83 మధ్య బ్రిటన్‌లో డిజైన్ నమోదుకు వాడిన గుర్తు. ఏడాది అక్షరం 1867 దాకా పై మూలలో, 1868 నుంచి కుడి మూలలో ఉంటుంది.
పరిష్కారం: ఆ అక్షరాన్ని, ఏ అక్షరం ఏ ఏడాదిదో చెప్పే పట్టికతో పోల్చండి. తేలేది డిజైన్ నమోదైన ఏడాదే. అదే అచ్చుతో ఆ తర్వాత ఎన్నేళ్లయినా పలకలు పోసి ఉండొచ్చు. 1884 నుంచి డైమండ్ పోయి వరస నంబర్లు వచ్చాయి.

సమస్య: ఒళ్లంతా వెంట్రుకల్లాంటి పగుళ్లు. పాతదేగా మరి?
కారణం: చల్లారేటప్పుడు మట్టి, గ్లేజు (పైన గాజులా మెరిసే పూత) ఒకేలా ముడుచుకోకపోతే పగుళ్లొస్తాయి. కొలిమి నుంచి దించిన రోజే రావచ్చు! టీ డికాక్షన్‌లో నానబెట్టి రంగెక్కించే ఘనులూ ఉన్నారు.
పరిష్కారం: పగుళ్లను వయసుకు సాక్ష్యంగా తీసుకోకండి. మురికి ఎక్కడ పట్టిందో చూడండి. ఏళ్ల తరబడి పట్టిన మురికి అంచులోనో, తాడు రాసుకున్న చోటో ఎక్కువ ఉంటుంది. అంతటా ఒకే గోధుమరంగు ఉంటే నమ్మకండి.

సమస్య: జర్మనీలోని మీసెన్ పింగాణీ కార్ఖానా వాడే కత్తుల ముద్ర ఉంది, నమ్మబుద్ధి కావడం లేదు.
కారణం: ఆ ముద్రకు నకళ్లు కోకొల్లలు.
పరిష్కారం: అసలు ముద్రను మామూలుగా గ్లేజు కింద నీలంతో వేస్తారు. గోటితో తడిమితే ఎత్తు తగిలినా, గీరితే రంగు లేచినా పక్కన పెట్టండి. బొమ్మను పదింతల భూతద్దంలో చూడండి. వరసగా చుక్కలు కనిపిస్తే అది అచ్చు, చేతిపని కాదు.

చివరగా తాడు కన్నం. లోపల గ్లేజు పాకి ఉంటే కాల్చకముందే పెట్టింది. గ్లేజు లేని మట్టి కనిపిస్తే, ఎవరో తర్వాత డ్రిల్లు పెట్టారు. అన్నం తినే పళ్లేన్నే గోడకెక్కించారేమో.